మెల్లగా, చిన్నగా కదిలితే ఒంట్లో నిజంగా ఏమైనా మారుతుందా?

ప్రశ్న

నా వయసు 52. రోజుకు ఎనిమిది తొమ్మిది గంటలు కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం. గత రెండేళ్లుగా ఇంతకుముందు ఆలోచించకుండా చేసిన పనులు ఒక్కొక్కటిగా కష్టమవుతున్నాయి. వెనక నుంచి ఎవరైనా పిలిస్తే మెడ తిరగక ఒళ్లంతా తిప్పవలసి వస్తోంది. పై అరలో వస్తువు అందుకోబోతే భుజం చెవి దాకా లేచి అక్కడే బిగుసుకుంటోంది. నేల మీద కూర్చుంటే చేతి ఊత లేకుండా లేవలేకపోతున్నాను. వైద్యులు పరీక్షలన్నీ చేయించి, జబ్బేమీ లేదని, కండరాలు పట్టేశాయని, వ్యాయామం చేయమని చెప్పారు. పట్టుదలతో మూడు నెలలు ఒళ్లు సాగదీసే వ్యాయామాలు చేశాను. సాగదీసినంతసేపూ హాయిగానే ఉండేది కానీ మర్నాటికి నడుము మరింత బిగిసేది.

ఇటీవల ఫెల్డెన్‌క్రైస్ పద్ధతి తరగతి ఒకటి చూశాను. నేల మీద పడుకుని మోకాలిని వేలెడంత దూరం పక్కకు వాల్చి తిరిగి తీసుకురావడం, మధ్యలో ఊరికే పడుకోవడం, ఇదే గంటసేపు సాగింది. నేర్పేవారు మాటిమాటికీ ‘గమనించండి’ అన్నారు. ఏమి గమనించాలో నాకు తెలియలేదు. అయితే ఆ సాయంత్రం మెట్లు దిగుతుంటే కాళ్లు తేలికగా అనిపించిన మాట నిజం. అది నా భ్రమా? చెమట పట్టని, కండరం సాగని కదలిక వల్ల రోజువారీ పనులు సులువవుతాయా? ‘గమనించడం’ అంటే అసలు చేయవలసినది ఏమిటి? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

మొదటి సమాధానం

చాలా ఏళ్లుగా ఈ పద్ధతిని నేర్పుతున్నాను కనుక ‘గమనించడం’ అంటే ఏమిటన్న మీ చివరి ప్రశ్నతో మొదలుపెడతాను. దానికి జవాబు దొరికితే మిగిలినవి సగం తేలిపోతాయి.

కళ్లు మూసుకున్నా మన చెయ్యి ఎక్కడుందో మనకు తెలుస్తుంది. కండరాలలోనూ స్నాయువులలోనూ కీళ్లలోనూ ఉన్న గ్రాహకాలు, లోపలి చెవిలోని తుల్యతా అవయవం కలిసి ఈ సమాచారాన్ని మెదడుకు నిరంతరం అందిస్తుంటాయి. ఈ ఎరుకకు 1906లో చార్లెస్ షెరింగ్టన్ అనే శరీరధర్మ శాస్త్రవేత్త ప్రొప్రియోసెప్షన్ అని పేరు పెట్టారు. సమాచారం వస్తూనే ఉన్నా, అలవాటైన కదలికలో దానిని మనం వినిపించుకోము. ఏళ్ల తరబడి మెడతోనే వెనక్కి తిరిగినవారికి, ఆ తిరగడంలో పక్కటెముకలకూ నడుముకూ తుంటికీ పాత్ర ఉందన్న సంగతే మరుగున పడిపోతుంది. చేయవలసిన పని అంతా మెడ ఒక్కటే చేసి అలసిపోతుంది. అటువంటి మెడను ఇంకా సాగదీస్తే, ముందే భారం మోస్తున్న దాని నెత్తిన మరో భారం పెట్టినట్టే. మీ మూడు నెలల అనుభవానికి కారణం ఇదేనని నేను ఖాయంగా చెప్పలేను కానీ, తరగతికి వచ్చేవారిలో ఇది తరచుగా చూస్తుంటాను.

కదలిక చిన్నదిగా ఎందుకు ఉండాలి? పంతొమ్మిదో శతాబ్దంలో ఎర్నెస్ట్ వెబర్ బరువులు ఎత్తించి చూసి, మనం పసిగట్టగలిగే అతి చిన్న తేడా అప్పటికే చేతిలో ఉన్న బరువును బట్టి ఉంటుందని గ్రహించారు. పది కిలోల మూట మోస్తున్నప్పుడు దాని మీద ఒక చెంచా పెడితే మీకు తెలియదు. అరచేతిలో చేతిరుమాలు మాత్రమే ఉన్నప్పుడు అదే చెంచా పెడితే వెంటనే తెలుస్తుంది. కండరాల ప్రయాస విషయంలోనూ ఇంతే. పళ్లు బిగబట్టి చేసే కదలికలో, అక్కరలేకుండా బిగిసిన కండరం ఏదో కనిపెట్టడం అసాధ్యం. ప్రయాసను పదో వంతుకు తగ్గించినప్పుడే, మోకాలు వాల్చడానికి దవడ ఎందుకు బిగుస్తోంది అన్న ప్రశ్న పుడుతుంది. మధ్యలో ఊరికే పడుకోవడం కూడా అందుకే: ఒళ్లు నేలకు ఎక్కడ ఆనుతోంది, ఎక్కడ ఆనడం లేదు, ఇంతకుముందుకూ ఇప్పటికీ తేడా ఏమిటి అన్నది ఆ నిశ్చలతలోనే తెలుస్తుంది.

ఈ పద్ధతిని రూపొందించిన మోషే ఫెల్డెన్‌క్రైస్ (1904–1984) వైద్యుడు కాడు. ఇంజనీరు, భౌతికశాస్త్రం చదివినవాడు, జూడోలో ప్రావీణ్యం ఉన్నవాడు. ఫుట్‌బాల్ ఆటలో దెబ్బతిన్న మోకాలు మళ్లీ మళ్లీ ఇబ్బంది పెడుతుంటే, శస్త్రచికిత్స ఫలిస్తుందని వైద్యులు హామీ ఇవ్వలేకపోయినప్పుడు, తన నడకనే ఒక ప్రయోగంగా చేసుకుని పరిశీలించాడు. ఆయన ఇచ్చిన ఒక కొలమానం నాకు ఎంతో విలువైనదిగా తోస్తుంది: మంచి కదలికను ఏ క్షణంలోనైనా ఆపి, ఊపిరి బిగబట్టకుండా, వచ్చిన దారినే వెనక్కి పోగలగాలి. కుర్చీలోంచి లేస్తూ సగంలో ఆగి, మెల్లగా మళ్లీ కూర్చోగలరా అని చూడండి. చాలామంది చేయలేరు, ఎందుకంటే వారు లేవడం లేదు, తమను తాము పైకి విసురుకుంటున్నారు. పాదాలను మోకాళ్ల కిందికి తెచ్చుకుని, నడుము దగ్గర కాకుండా గజ్జల మడత దగ్గర వంగితే, తల పాదాల మీదుగా ముందుకు వస్తుంది. బరువు పాదాల మీదికి పూర్తిగా చేరినప్పుడు పిరుదులు వాటంతట అవే తేలికవుతాయి. తుంటి కీలు ఎక్కడుందో చూపమంటే పెద్దవారు కూడా నడుము పక్కన చెయ్యి పెడతారు. కీలు అక్కడ లేదు, గజ్జ మడతకు లోపల ఉంది. ఈ ఒక్క సంగతి తెలిశాక వంగే తీరు మారినవారిని ఎందరినో చూశాను.

మీ మెడ సంగతికి ఒక పాఠం చెబుతాను. పదిహేను నిమిషాలు చాలు. గట్టి కుర్చీ అంచున, వీపు ఆనించకుండా, పాదాలు నేలకు పూర్తిగా ఆనేలా కూర్చోండి. కుడివైపుకు హాయిగా తిరగగలిగినంత మాత్రమే తిరిగి, చూపు గోడ మీద ఎక్కడ పడిందో గుర్తు పెట్టుకుని తిరిగి రండి. తరువాత మళ్లీ కొద్దిగా కుడికి తిరిగి అక్కడే ఉండి, తల కదపకుండా కళ్లను మాత్రమే ఎడమకూ కుడికీ నాలుగైదు సార్లు నడిపించండి. కాసేపు ఆగండి. ఈసారి కళ్లు కుడికి, తల ఎడమకు వెళ్లాలి. ఇది మొదట గందరగోళంగా ఉంటుంది, తొందరపడవద్దు. మళ్లీ ఆగండి. ఆ తరువాత కుడికి తిరుగుతూ ఎడమ మోకాలిని ఒక అంగుళం ముందుకు జారనివ్వండి, కుడి మోకాలిని వెనక్కి పోనివ్వండి. ఏ పిరుదు మీద బరువు పెరిగిందో, రొమ్ము ఎముక తిరుగుతోందో లేదో చూడండి. చివరగా మొదటిసారిలాగే తిరిగి గోడ మీద గుర్తును పోల్చుకోండి. చాలామందికి చూపు ఆ గుర్తును దాటి పోతుంది. మెడ కండరం పదిహేను నిమిషాల్లో పొడవు పెరగదు కదా. ఇంతసేపూ ఊరికే ఉన్న కటి, పక్కటెముకలు పనిలోకి వచ్చాయి, కళ్లు తలకు తాళం వేయడం మానాయి. మెట్లు దిగేటప్పుడు మీకు కలిగిన తేలిక ఇటువంటిదే కావచ్చు. దానిని భ్రమ అని కొట్టివేయకండి.

రెండో సమాధానం

నేను ఫిజియోథెరపిస్టును. పై సమాధానంలోని పాఠం బాగుంది, నేనూ ఇటువంటివి చేయిస్తాను. అయితే మూడు విషయాలు చేర్చడం నా బాధ్యత అనుకుంటున్నాను.

మీకు వైద్య పరీక్షలు జరిగాయి కనుక సరే. ఇది చదివే ఇతరులకు మాత్రం చెప్పాలి: కాళ్లలో తిమ్మిరి లేదా బలహీనత పెరుగుతున్నా, మలమూత్రాల మీద అదుపు తప్పినా, జ్వరంతోనో కారణం తెలియకుండా బరువు తగ్గడంతోనో నడుము నొప్పి వచ్చినా, పడిపోయిన తరువాత నొప్పి మొదలైనా, ముందు వైద్యుని దగ్గరకు వెళ్లాలి. నేల మీద పడుకుని గమనించుకోవలసిన సమయం అది కాదు. తల తిప్పినప్పుడు కళ్లు తిరిగినా పాఠం ఆపేయాలి.

ఇక ఆధారాల మాట. ఇలా కదలికను గమనించడం నేర్పే పద్ధతులలో అలెగ్జాండర్ టెక్నిక్ మీద ఒక పెద్ద పరీక్ష జరిగింది. స్వరం పోతున్న సమస్యకు అద్దాల ముందు నిలబడి తనను తాను పరిశీలించుకుని, తలకూ మెడకూ ఉన్న సంబంధాన్ని కనిపెట్టిన ఎఫ్. ఎం. అలెగ్జాండర్ (1869–1955) నేర్పిన పద్ధతి అది. దీర్ఘకాలం నడుము నొప్పి ఉన్న 579 మందితో జరిగిన ఆ పరీక్ష 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. ఏడాది తరువాత అడిగినప్పుడు, అంతకుముందు నాలుగు వారాల్లో నొప్పి ఉన్న రోజులు మామూలు వైద్యం మాత్రమే అందుకున్నవారిలో 21 ఉండగా, 24 పాఠాలు నేర్చుకున్నవారిలో 3 మాత్రమే ఉన్నాయి. చైనాకు చెందిన మెల్లని కదలికల సాధన తాయ్ చీ మీద కూడా గట్టి పని జరిగింది: పార్కిన్సన్స్ వ్యాధి ఉన్న 195 మందిపై జరిగిన పరీక్ష 2012లో వెలువడింది, వారానికి రెండుసార్లు చొప్పున 24 వారాలు తాయ్ చీ చేసినవారికి నిలకడ మెరుగుపడింది. ఫెల్డెన్‌క్రైస్ పద్ధతి మీద జరిగినవి ఎక్కువగా చిన్న పరీక్షలు. వృద్ధుల నిలకడ విషయంలో కొంత ఆశ కలిగించే ఫలితాలు ఉన్నా, అవి గట్టి నిర్ణయానికి చాలవు. స్పష్టమైన ఆధారం కనబడలేదన్న సమీక్ష మీద ఆస్ట్రేలియా ప్రభుత్వం 2019 ఏప్రిల్ నుంచి ఈ పద్ధతినీ, అలెగ్జాండర్ టెక్నిక్‌నూ, యోగానూ మరికొన్నింటినీ ప్రైవేటు ఆరోగ్య బీమా పరిధి నుంచి తొలగించింది. ఒళ్లు తేలికపడిందన్న అనుభవాన్ని గౌరవిస్తూనే, ఇది జబ్బును నయం చేస్తుందని ఎవరైనా అంటే నమ్మవద్దని నా మనవి.

మూడో విషయం బలం. నేల మీద నుంచి చేతి ఊత లేకుండా లేవడానికి నేర్పుతో పాటు తొడలలో సత్తువ కూడా కావాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల ప్రకారం పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం అవసరం. ఎరుకతో చేసే కదలిక వీటికి బదులు కాదు. వీటిని దెబ్బ తగలకుండా చేయడానికి తోడు. నడక మానకండి.

మూడో సమాధానం

నా వయసు 71. మీరు నాకంటే చిన్నవారు కాబట్టి చనువుగా రాస్తున్నాను. మీ భుజం బాధ చదివి నా పాత రోజులు గుర్తొచ్చాయి. ఆరేళ్ల క్రితం నాకు తల దువ్వుకోవడం ఒక పెద్ద పని. చెయ్యి పైకెత్తితే సగం దాకా పోయి ఆగేది. మిగిలిన సగానికి నేను తలను పక్కకు వంచి దువ్వెన దగ్గరకు తీసుకుపోయేదాన్ని. అలా చేస్తున్నానని కూడా నాకు తెలియదు. మా కోడలు చూసి చెప్పింది.

నాకు నేర్పినవారు చెయ్యి ఎత్తమనలేదు. ఎడమ పక్కకు తిరిగి పడుకోబెట్టి, తల కింద మడిచిన దుప్పటి పెట్టి, కుడి రెక్క ఎముకను (వీపు పైభాగాన పలకలా ఉండే ఎముక) మాత్రం బియ్యపు గింజంత చెవి వైపుకూ, మళ్లీ నడుము వైపుకూ జరపమన్నారు. తరువాత ముందుకూ వెనక్కూ. వారం రోజులు నాకేమీ తెలియలేదు, నిజం చెబుతున్నాను. తరువాత ఒకరోజు, రెక్క ఎముక జారినప్పుడల్లా రొమ్ము మీద కాలర్ బోన్ చివర కూడా కదలడం వేలికి తగిలింది. చేతికీ మొండేనికీ మధ్య ఎముకతో ఎముక కలిసే కీలు అదొక్కటేనట; కాలర్ బోన్ రొమ్ము ఎముకను కలిసే చోటు. ఇన్నాళ్లూ చెయ్యి భుజం దగ్గర మొదలవుతుందనుకున్న నాకు, అది రొమ్ము నడిమి నుంచి మొదలవుతుందని తెలియడం ఒక గొప్ప సంగతి అనిపించింది. అప్పటి నుంచి పై అర అందుకునేటప్పుడు ముందు పాదాలు నేలను తొక్కుతాయి, ఆ పక్క పక్కటెముకలు విచ్చుకుంటాయి, రెక్క ఎముక జారుతుంది, చెయ్యి చివరగా వెళ్తుంది. ఈ వరుస నేను కావాలని పెట్టుకున్నది కాదు.

నా చెయ్యి ఇరవై ఏళ్లనాటి చెయ్యి కాలేదు. వాన రోజుల్లో ఇంకా సలుపుతుంది. కానీ దువ్వుకోవడానికి తల వంచడం లేదు.

నాలుగో సమాధానం

ఒక హెచ్చరిక. నాకు చాలాకాలం నొప్పి ఉండేది. ‘గమనించండి’ అన్న మాటను పట్టుకుని, రోజంతా ఒంట్లో ఎక్కడ నొప్పి పుడుతుందా అని కాపలా కాయడం మొదలుపెట్టాను. నొప్పి తగ్గకపోగా భయం పెరిగింది, వంగడానికి కూడా సందేహించే స్థితికి వచ్చాను. గమనించడం అందరికీ మేలే చేస్తుందని చెప్పడం సరికాదు.

మొదటి సమాధానం ఇచ్చినవారు

నాలుగో సమాధానానికి నా కృతజ్ఞతలు. నేను ముందే చెప్పవలసిన మాట అది. గమనింపు నొప్పి చుట్టూ తిరగకూడదు. నేల ఎక్కడ ఆనుతోంది, ఊపిరి ఎటు పోతోంది, ఏ వైపు కదలిక సుఖంగా ఉంది అన్న వాటి మీద ధ్యాస ఉండాలి. ఒక పక్క నొప్పిగా ఉంటే సుఖంగా ఉన్న రెండో పక్కనే పాఠమంతా చేయించడం ఈ పద్ధతిలో మామూలు. పాఠం పావుగంటతో ముగిసిందంటే ముగిసినట్టే. మిగిలిన రోజంతా ఒంటిని దాని మానాన వదిలివేయాలి. అలా వదలడం కష్టమైనవారు తాయ్ చీ వంటి, నిలబడి చుట్టూ చూస్తూ చేసే సాధనను ఎంచుకోవడం మంచిదని నా అభిప్రాయం.

ప్రశ్న అడిగినవారు

మూడు వారాల తరువాత రాస్తున్నాను. అందరికీ ధన్యవాదాలు. కుర్చీలో తిరిగే పాఠం పన్నెండు రోజులు చేశాను. గోడ మీద గుర్తును చూపు మొదటి రోజే జానెడు దాటింది, కానీ మర్నాటికి మళ్లీ మొదటికే వచ్చింది. ఇప్పుడు సగం నిలుస్తోంది. అంతకన్నా నాకు ఆశ్చర్యం కలిగించింది మరొకటి. ఎవరైనా పిలిచినప్పుడు తిరగకముందే నా ఊపిరి ఆగుతోంది, చెప్పులలో కాలివేళ్లు ముడుచుకుంటున్నాయి. ఎన్నేళ్లుగా ఇలా చేస్తున్నానో తెలియదు. లేస్తూ సగంలో ఆగడం ఇంకా రాలేదు, కుర్చీలో దబ్బున కూలబడుతున్నాను. సాయంత్రం నడక, వారానికి రెండుసార్లు తొడలకు వ్యాయామం కూడా మొదలుపెట్టాను.

రెండు సందేహాలు. కుడి వైపు మాత్రమే చేస్తున్నాను; ఎడమ వైపు కూడా అన్ని సార్లు చేయాలా? కాలివేళ్లు ముడుచుకోవడం తెలిసినప్పుడు వాటిని బలవంతంగా చాపాలా?

మొదటి సమాధానం ఇచ్చినవారు

వేళ్లను చాపవద్దు. ముడుచుకున్నాయని తెలిసినప్పుడు కావాలనే ఇంకొంచెం ముడిచి, మెల్లగా వదలండి. రెండు మూడుసార్లు అలా చేసి, తరువాత తిరగండి. ఊపిరి కూడా అంతే, లోపలికి లాగనక్కర లేదు, బయటికి పోతున్నప్పుడు తిరగడం మొదలుపెట్టండి.

ఎడమ వైపు ఈ వారం కదలకుండా చేసి చూడండి. కుడి వైపు చేయడం అయ్యాక కళ్లు మూసుకుని, ఎడమకు తిరుగుతున్నట్టు, కుడి మోకాలు ముందుకు జారుతున్నట్టు, ఎడమ పిరుదు కింద బరువు మారుతున్నట్టు వివరంగా ఊహించుకోండి. నాలుగైదు సార్లు చాలు. ఆ తరువాత ఒక్కసారి మాత్రం నిజంగా ఎడమకు తిరిగి, చూపు ఎక్కడ పడిందో చూసుకోండి. దబ్బున కూలబడుతున్న కుర్చీ మీద ఒక మందపాటి దిండు వేయండి. ఆ ఎత్తులో సగంలో ఆగడం వచ్చాక, పలచని దిండు.